చిక్కడపల్లి పెరట్లో పడవ

1969 వేసవిలో జూనియర్ ఇంజనీరుగా నా మొదటి పోస్టింగు చిక్కడపల్లిలో, చెరువుల సర్వే చేసే ఒక సబ్‌డివిజన్‌లో. ఆఫీసు ఒక కిరాయి ఇంట్లో ఉండేది. చెరువుల లోతులు కొలవడం మా పని. కొలవడానికి కావలసిన పడవ మాత్రం మూడేళ్లుగా పెరట్లో, వేపచెట్టు కింద, నేలమీదే లంగరేసి ఉంది. పాంటూన్ పడవంటే పెద్ద విశేషమేం కాదు: రెండు చివరలా మూసిన రెండు పొడవాటి ఇనప గొట్టాలు, వాటిమీద చెక్క బల్లలు. గొట్టాల్లో గాలి ఉంటే తేలుతుంది. మా దాంట్లో తొండలుండేవి.

దాన్ని కండెమ్ చేస్తూ, అంటే పనికిరాదని తుక్కు కింద జమకట్టేస్తూ, రిపోర్టు రాయమని నాకు అప్పగించారు. నాలుగు లైన్ల పని. రాస్తుంటే ఖలాసీ బాలయ్య వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. యాభై దాటిన పాలమూరు మనిషి. "జర ఆగుండ్రి సార్. పడవ పోతే నేను గూడ పోత" అన్నాడు. ఆవేశపడుతున్నాడనుకున్నాను. కాదు, రూల్సు చెబుతున్నాడు. ఆయనది వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగం. మనిషికి కాక పనికి మంజూరయ్యే కొలువు. రిజిస్టర్లో 'పడవ ఖలాసీ' అని ఉంది. పడవ లేకపోతే ఖలాసీ లేడు.

'బాగు చేయవచ్చు' అని రాశాను. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు ఫైలు చూసి, అయితే వానలు పడేలోగా నువ్వే తేల్చు, లేదంటే తుక్కే అన్నారు. విషయం తేల్చమన్నారో, పడవను తేల్చమన్నారో అడిగే ర్యాంకు కాదు నాది.

ఆ ఏడాది నగరంలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, తరచూ బందులు. ఆఫీసు మూసిన రోజులే మా పని సాగిన రోజులు. నేను కోస్తా వాణ్ణి కనుక బాలయ్యే వచ్చి నన్ను గదినుంచి తీసుకెళ్లేవాడు. "నా ఎన్క నడువుండ్రి సార్. నోరు మాత్రం తెరువకుండ్రి. మీరు మాట్లాడితే గోదారి పారుతది" అనేవాడు. మాది కృష్ణా జిల్లా అని సరిదిద్దబోయి నోరు మూసుకున్నాను.

వైరు బ్రష్షుతో తుప్పు గీకాం. చిల్లులెక్కడున్నాయో తెలియలేదు. గొట్టాన్ని నీళ్లలో ముంచితే బుడగలొస్తాయని పుస్తకంలో ఉంది. అంత తొట్టి చిక్కడపల్లిలో లేదు. "బయట నీళ్లు లేకుంటే లోపట పోద్దాం" అన్నాడు బాలయ్య. మూతలు విప్పి బిందెలతో గొట్టాలు నింపి, వేపనీడలో కూర్చుని చూశాం. ఎండిన పెరట్లో చెరువును కడుపులో దాచుకున్న పడవ. కాసేపటికి ఇనుముకు చెమట పట్టినట్టు అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. ఒక్కొక్కటీ వెలుగు పట్టుకుని వేలాడేది. లేచి సుద్దతో సున్నా చుట్టాలనిపించేది కాదు. కానీ చుట్టాను, జీతం దానికే.

నారాయణగూడ నుంచి వచ్చిన వెల్డరు ఆ సున్నాలన్నీ పూడ్చాడు. బల్లల సందుల్లో తారులో ముంచిన జనపనార నేనే కూరాను. తుప్పు ఆపడానికి రెడ్‌లెడ్ పూశాం, అచ్చం సిందూరం రంగు. ఒక తెల్లవారుజామున దాన్ని ఎడ్లబండి మీద కట్టి హుస్సేన్‌సాగర్‌కు బయల్దేరాం. పడవ కదలకుండా నేను పైన కూర్చున్నాను. అశోక్‌నగర్ ఇళ్ల మీద పొగమంచులాంటి పొయ్యిల పొగ. అందులోంచి ఊగుతూ, కొమ్మల్ని రాసుకుంటూ, నీళ్లు లేకుండానే తేలిపోతున్నాను. గేటు దగ్గర ముగ్గేస్తున్న ఒక ముసలావిడ ఎర్రటి గొట్టాలను చూసి, హనుమంతుడే అనుకుందేమో, చేతులు జోడించింది. "ఆశీర్వదించుండ్రి సార్" అన్నాడు కింద నడుస్తున్న బాలయ్య.

పడవను నీళ్లలోకి దింపి ఎక్కాం. చెరువూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. దేనిమీద ఉన్నామో తెలియలేదు. బాలయ్య బల్లమీద బోర్లా పడుకుని గొట్టానికి చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. చివరికి, "లోపట ఏం లేదు సార్, ఉత్త గాలే" అన్నాడు. 'ఏం లేదు' అని అంత ఆనందంగా చెప్పిన మనిషిని మళ్లీ చూడలేదు.

వానలకు ముందే లోతులు కొలిచాం. పడవ భేషుగ్గా ఉందని ఉత్సాహం పట్టలేక పై ఆఫీసుకు రాయించాను. నెల తిరక్కుండా పడవ లేని ఒక దూరపు జిల్లా వాళ్లు దాన్ని అడిగారు. ఆర్డరొచ్చింది: పడవ, దానితోపాటు ఖలాసీ, బదిలీ. బాగ్ లింగంపల్లిలో ఇల్లూ సంసారమూ వదిలి బాలయ్య లారీ ఎక్కాడు. "కొలువైతే నిలబెట్టిండ్రు సార్, నన్నే నిలబడనియ్యలే" అన్నాడు.

ఆ తర్వాత సర్వీసంతా రెండు జాగ్రత్తలు పాటించాను. ఏ వస్తువు మీద రిపోర్టు రాయాల్సి వచ్చినా, దాని పేరుమీద ఎవరి కొలువుందో ముందు రిజిస్టర్లో చూసేవాణ్ణి. అది బాగుపడిన సంగతి మాత్రం వీలైనంత ఆలస్యంగా పైకి రాసేవాణ్ణి.