రాహేలు టీచరు అందాజ

శాలిబండ గల్లీలోని ప్రాథమిక పాఠశాలలో రాహేలు మూడో తరగతికి టీచరుగా చేరింది 1973లో. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. తండ్రి ఇస్సాకు బస్సు డిపోలో మెకానిక్కు. ఇల్లు చాంద్రాయణగుట్ట దగ్గర. రాహేలు మనిషి సన్నం, నవ్వు పెద్దది. ఆ నవ్వు ఐదో తరగతి దాకా వినిపిస్తోందని హెడ్మాస్టరు సోమశేఖర్ రెండుసార్లు మందలించాడు కూడా.

పొడవుల పాఠం వచ్చింది. "మీటరుకు వంద సెంటీమీటర్లు" అని పిల్లలు పాటలా అప్పజెప్పారు.

"మరి మీటరంటే ఎంతుంటది?" అని అడిగింది రాహేలు.

ఒకడు బెత్తెడు చూపించాడు. ఒకతె కిటికీలోంచి మసీదు మినారు చూపించింది.

బడికి ఉన్నది ఒక్కటే మీటరు కొలబద్ద. "విరిగితే జవాబు ఎవరు చెప్తరమ్మా?" అంటూ సోమశేఖర్ దాన్ని అల్మారాలో పెట్టి తాళం వేసుకున్నాడు. రాహేలు ఇంటికి వెళ్లి వాళ్లమ్మ పాత చీర అంచులు చింపింది. మీటరుకొక ముక్క కత్తిరించి, పదేసి సెంటీమీటర్లకు ఎర్రదారం కుట్టి, మధ్యలో సిరా గీతలు గీసింది. పది పట్టీలయ్యాయి, నలుగురు పిల్లలకొకటి.

"ముందుగాల అందాజ చెప్పాలె, తర్వాతనే కొల్వాలె" అని ఒకే షరతు పెట్టింది. అందాజంటే కంటి లెక్క.

ఇక బడి బడిలా లేదు. బల్లలు, పలకలు, గోడెక్కిన మేక చెవులు, అన్నీ కొలతకొచ్చాయి. ప్యూను దుర్గయ్య మీసం పద్నాలుగు సెంటీమీటర్లని తేలింది. మర్నాడు అతనే తరగతి గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, నూనె రాసి దువ్విన. ఇంకొక్కసారి కొలిపియ్యరాదు?" అని బతిమాలాడు.

రెండు వారాలకు ఇన్‌స్పెక్టర్ వెంకటనారాయణ తనిఖీకి వచ్చాడు. నిటారుగా, నవ్వకుండా నిలబడి, ముందు బల్లలోని సక్కుబాయిని లేపాడు.

"నా ఎత్తెంత?"

సక్కుబాయికి ఎనిమిదేళ్లు. ఆయన్ని బూట్ల నుంచి క్రాపు దాకా నిదానంగా చూసింది. "అందాజగ ఒక మీటరు డెబ్బై, సార్."

"తప్పు. డెబ్బై ఎనిమిది. సర్వీసు రిజిస్టరులో ఉంది."

"మీరు గంత లేరు, సార్."

ఆయన కోపంతో గోడకు ఆనుకున్నాడు. "కొలువు!"

సక్కుబాయి బల్ల ఎక్కి, "బూట్లు ఇడ్వాలె, సార్" అంది. ఆయన విడిచాడు. పట్టీ రెండుసార్లు పెడితే ఒకటీ అరవై తొమ్మిది తేలింది.

"గుడ్డ సాగింది! కొలబద్ద తెండి!"

అల్మారా తాళం తీయక తప్పింది కాదు సోమశేఖర్‌కు. దుర్గయ్య కొలబద్దను రెండు చేతులా పట్టుకొచ్చాడు. ఈసారి రాహేలే కొలిచింది. ఒకటీ అరవై ఎనిమిది.

సక్కుబాయి ఓదార్పుగా, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, మా బాపు ఇంకా పొట్టి" అంది.

రాహేలు పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది. నవ్వు బయటపడింది. అంతలో ఇన్‌స్పెక్టర్ భుజాలు కదిలాయి. "ఇరవై ఏళ్లుగా అబద్ధపు ఎత్తుతో తిరుగుతున్నానా!" అంటూ మేజోళ్లతోనే పగలబడి నవ్వాడు. సోమశేఖర్ కూడా నవ్వి, నవ్వినందుకు కంగారుపడి, మళ్లీ నవ్వాడు.

"బడి గేటు నుంచి ఎదుటి మూలనున్న చాయ్ హోటలు దాకా ఎన్ని మీటర్లు? అందరూ చెప్పాలి. ఎవరి అందాజ బాగా తప్పితే వాళ్లు అంత దూరం కుంటుకుంటూ పోవాలి!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

తాను నలభై అన్నాడు. సోమశేఖర్ యాభై అన్నాడు. సక్కుబాయి ముప్పై ఐదంది. రాహేలు ధీమాగా ఎనభై అంది. పది పట్టీలూ గల్లీలో పరుచుకున్నాయి. సైకిళ్లు ఆగాయి. గాజుల కార్ఖానాలో మనుషులు బయటికొచ్చి, "ఏం లొల్లి భాయ్?" అని అడిగి, తామూ ఒక లెక్క చెప్పారు. పట్టీలు నాలుగోసారి పరిచేసరికి హోటలు వచ్చేసి, మూడు పట్టీలు మిగిలాయి. ముప్పై ఏడు!

"టీచరమ్మ ఓడింది!" నలభై గొంతులు ఒక్కసారి అరిచాయి.

రాహేలు కొంగు బిగించి, కుచ్చెళ్లు పట్టుకుని, ఒంటికాలిపై బయలుదేరింది. వెనక నలభై మంది కుంటుతూ వచ్చారు. హోటలు చేరేసరికి ఆమెకు ఊపిరాడలేదు. యజమాని కుర్చీ తెచ్చి, "బైఠో బేటీ, చాయ్ పియో" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ తన రిపోర్టులో, ఈ తరగతి పిల్లలు కళ్లతో కొలవగలరని రాశాడు. కొలబద్దను మూడో తరగతిలోనే ఉంచమని కూడా రాశాడు.

సాయంత్రం బస్సులో రాహేలుకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. పక్కనున్న పెద్దామె, "ఏమైంది బిడ్డా?" అంది. రాహేలు చెప్పబోయింది. "ఇన్‌స్పెక్టరు... మేజోళ్లు..." అన్నంతలోనే మళ్లీ నవ్వొచ్చి మాట ఆగిపోయింది. ఏమీ అర్థం కాకపోయినా ఆ పెద్దామె కూడా బుట్ట ఒళ్లో పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వసాగింది.