ఊహేనండి

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించే అతన్ని అందరూ ప్రాసరావు అనేవారు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఏ మాటకైనా చివర ఇంకో మాట తగిలించి జత కుదర్చనిదే అతనికి తోచేది కాదు. కొత్త జోడు పెట్టుకుని మురిసిపోతున్న ముసలాయనతో "చూపుకు సాయం, వయసు మాయం" అనేవాడు. ఆయన పడీపడీ నవ్వేవాడు. తోటివాళ్ళ పెళ్ళిళ్ళకు, పిల్లల పుట్టినరోజులకు, ఉద్యోగ విరమణలకు నాలుగేసి పంక్తులు రాసిచ్చేవాడు. అవి చదివితే జనం చప్పట్లు కొట్టేవారు. తాను కవినని నమ్మడానికి అతనికి అంతకన్నా ఏం కావాలి?

ఇల్లు మేడమీద రెండు గదుల వాటా. ఉండేది అతను, భార్య, పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన అక్క. అక్కది బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చునే ఉద్యోగం. "ప్రయాణికులకు మనవి" అని ఆమె గొంతు విప్పితే ఏడుస్తున్న పిల్లలు కూడా ఒక్క క్షణం ఆగి పైకి చూసేవారు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఆలస్యమో, తప్పిపోయిన ఎవరి తాత ఎక్కడ కూర్చున్నాడో, అన్నీ ఆ గొంతే చెప్పేది. ఆమె కూరగాయలు బేరమాడుతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు "మీరు బస్‌స్టేషన్ మేడం కదూ!" అని పట్టేసేవారు.

ఒక ఉదయం ఆమె పళ్ళు తోముకుని నోట్లో నీళ్ళు పోసుకుంటే అవి ఒక పక్క నుంచి కారిపోయాయి. ముఖంలో సగం ఆమె మాట వినడం మానేసింది. నరం వాచిందని, నెమ్మదిగా తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. కన్ను కొంత సర్దుకుంది కానీ పెదవి మొండికేసింది. రెండు పెదవులూ గట్టిగా కలిస్తే తప్ప పలకని ప, బ, మ లాంటి అక్షరాలు నోటి చివర నుంచి ఉత్త గాలిగా జారిపోయేవి. మైకులో చెప్పేవన్నీ ఆ అక్షరాలే. ప్రయాణికులు, బస్సు, ప్లాట్‌ఫాం, మనవి. పై అధికారి మర్యాదగానే ఆమెను సామాన్లు భద్రపరిచే గదికి మార్చాడు. అక్కడ మాటలతో పెద్దగా పని లేదు. సంచి పుచ్చుకోవడం, చీటీ ఇవ్వడం, అంతే. అప్పటినుంచి ఆమె నోటి పక్కన రుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఆమె మాటలను నేను ఈ కథలో సరైన అక్షరాలతోనే రాస్తున్నాను. వాటిని జారినట్టే రాస్తే ఆమెకు నచ్చదు.

ఇలా ఉండగా ఊరి గ్రంథాలయంవాళ్ళు "గంటలో కవిత" అని పోటీ పెట్టారు. విషయం అక్కడికక్కడే ఇస్తారు. గంట కొట్టగానే రాయడం మొదలుపెట్టాలి, మళ్ళీ కొట్టగానే కలం కింద పెట్టాలి. "నువ్వు కాకపోతే ఇంకెవరు వెళ్తారయ్యా" అని దుకాణంలో అందరూ ఎగదోశారు. ప్రాసరావు ముందే ఇంట్లో కొన్ని కవితలు వండి పెట్టుకున్నాడు. వాన మీద ఒకటి, అమ్మ మీద ఒకటి, దీపం మీద ఒకటి. ఏ విషయమిచ్చినా వీటిలో ఏదో ఒకదాన్ని కాస్త మెలితిప్పి వాడేయవచ్చని అతని ఎత్తు.

భార్య వినీ వినీ, "ఏమండీ, ఇది పోటీనా, పరీక్షకు చీటీలు పట్టుకెళ్ళడమా?" అంది.

అక్క నవ్వింది. "వాడు గెలుస్తాడే, చూస్తూ ఉండు. ఆ రోజు డ్యూటీ దిగి నేనూ వస్తా. మా వాళ్ళను కూడా లాక్కొస్తా."

ఆమె తనంతట తాను నలుగురిలోకి వస్తానని అని చాలా కాలమైంది. ఆ సంగతి ప్రాసరావుకు అప్పుడు తట్టలేదు. తర్వాత తట్టి చాలా బాధపెట్టింది.

పోటీ నాడు గ్రంథాలయం హాల్లో పొడుగాటి బల్లలు వేశారు. ఒక పోలీసాయన, కాలేజీ అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు, చెవి మీద పెన్సిల్ దోపుకున్న వడ్రంగి, ఇంకా చాలామంది వచ్చారు. న్యాయనిర్ణేత తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన ఒక టీచరు. ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే కాబట్టి అందరికీ ఆవిడ పంతులమ్మగారే. ఆవిడ డబ్బాలోంచి ఒక చీటీ తీసి చదివింది. "అద్దం."

ప్రాసరావుకు నవ్వొచ్చింది. పొద్దస్తమానం అద్దాలతో కాపురం చేసేవాడికి అద్దమే ఇచ్చారు! అద్దం, అబద్ధం, సిద్ధం, యుద్ధం అని జతలు టపటపా కాగితం మీద పడ్డాయి. పంక్తులుగా పేర్చి చదువుకుంటే కళ్ళజోళ్ళ ప్రకటనలా ఉంది. కొట్టేశాడు. దీపం కవితను మెలితిప్పబోతే అది పుటుక్కున విరిగింది. అమ్మ చేతికి అద్దమిచ్చి చూశాడు. ఆవిడకు దానితో ఏం చెయ్యాలో తెలియలేదు. గోడ గడియారంలో ముల్లు సగం దాటింది. కాలేజీ అమ్మాయి లేచి రెండో కాగితం అడిగింది. అతని అరచేతి చెమటకు కాగితం అతుక్కుపోతోంది. రేపు దుకాణంలో ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలన్న దిగులు తప్ప బుర్రలోకి ఇంకేమీ రావడం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, కొన్నాళ్ళ కిందట తాను చూసిన దృశ్యం. వరండాలో ఆరేసిన చొక్కా కోసం వెళ్తుంటే అక్క గది తలుపు ఓరగా తీసి ఉంది. ఆమె అద్దం ముందు నిలబడి, వాలిపోయిన పెదవి చివరను వేలితో పైకెత్తి, "ప" అంటోంది. ఉఫ్ మని గాలి. మళ్ళీ "ప". మళ్ళీ గాలి. "పలకవే మొద్దూ" అని అద్దంలోని నోటిని మెల్లగా తిట్టింది. తర్వాత వీపు నిటారుగా చేసి, మైకు ముందు కూర్చున్నప్పటిలా గడ్డం ఎత్తి, "ప్రయాణికులకు మనవి" అనబోయి సగంలో ఆగింది. ప్రాసరావు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాడు. ఇంట్లో ఎవరితోనూ ఆ ఊసు ఎత్తలేదు.

ఇప్పుడు అదంతా రాసేశాడు. ప్రాస కోసం ఆగలేదు. రాస్తున్నంతసేపూ తన చెయ్యి ఇంకెవరిదోలా కదిలింది. చివరికొచ్చేసరికి ఒక పంక్తి పడింది. ఊరందరికీ దారులు చెప్పిన గొంతు ఒక్క అక్షరం దగ్గర దారి తప్పి నిలబడిపోయిందని దాని భావం. ఆ పంక్తి మీద కలం ఆగింది. ఇది చదివితే ఆవిడ అక్కేనని ఊరికి తెలిసిపోతుంది. కొట్టేయాలి. కొట్టేయడానికి సమయం ఉంది కూడా. కానీ తన జన్మలో అంత మంచి పంక్తి రాయలేదని అతనికి తెలుసు. పేరు ఎక్కడా లేదుగా అనుకున్నాడు. బయటికి చదవరులే అనుకున్నాడు. గంట మోగింది. కాగితం ఇచ్చేశాడు.

ఫలితాలు చెప్పేవేళకు హాలు నిండింది. అక్క వచ్చింది. పక్కన బస్‌స్టేషన్‌లో ఆమెతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు. ముగ్గురూ చివరి వరసలో కూర్చున్నారు. తమ్ముణ్ణి చూసి అక్క రుమాలు చాటు నుంచే కళ్ళతో నవ్వింది. పంతులమ్మగారు లేచి, మొదటి బహుమతి వచ్చిన కవితను తానే చదివి వినిపిస్తానంది.

మొదటి పంక్తికే అది తనదని ప్రాసరావుకు తెలిసిపోయింది. ఆవిడ తొందర లేకుండా, ఒక్కో మాటను చేత్తో తడిమినట్టు చదివింది. పైకెత్తిన పెదవి, గాలి, తిట్టు, అన్నీ వచ్చాయి. ఊరందరికీ దారులు చెప్పిన గొంతు దగ్గరికి వచ్చేసరికి చివరి వరసల్లో ఒక తల తిరిగింది, దాని వెంట మరికొన్ని. అక్కతో వచ్చిన ఒకావిడ ఆమె మోచేయి పట్టుకుంది. చదవడం అయింది. తర్వాత చప్పట్లు. ప్రాసరావు తలెత్తి చూస్తే అక్క కూడా కొడుతోంది. రెండు చేతులూ కావాలి కాబట్టి రుమాలు ఒళ్ళో పడేసి, అందరితో పాటు కొడుతోంది.

అతన్ని వేదిక మీదికి పిలిచారు. పంతులమ్మగారు భుజం తట్టి మైకు అతని ముందుకు జరిపింది. "నాయనా, ఇంత దగ్గరగా చూసినట్టు రాశావు. ఈవిడ నిజంగా ఉందా, నీ ఊహా?"

"ఊహేనండి" అన్నాడు ప్రాసరావు.

ఆ మాట మైకులోంచి హాలంతా వినబడింది. నేల చీలి తనను మింగేస్తే బాగుండుననుకున్నాడు. అతను బహుమతి పట్టుకుని కిందికి దిగేసరికి చివరి వరసలో మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఇంటికి వెళ్ళడానికి అతనికి కాళ్ళు రాలేదు. వీధులన్నీ చుట్టి, తెరిచి ఉన్న ప్రతి దుకాణం ముందూ ఆగి, చివరికి మెట్లెక్కాడు. అక్క మామూలుగానే కంచాలు పెడుతోంది. ముగ్గురూ కూర్చున్నారు. అతను అన్నం కెలుకుతూ నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు.

"బాగా చదివిందిరా ఆవిడ" అంది అక్క. "ఒక్క అక్షరం జారలేదు."

"అక్కా, టైము అయిపోతుంటే..."

"టైము లేక నన్ను రాశావా?"

భార్య, "వదినా, ఈయనకు బుద్ధి లేదు, వదిలెయ్" అంది.

"రాసినందుకు కాదే నా బాధ. ఆ రోజు తలుపు దగ్గర నిలబడి చూశాడు. లోపలికొచ్చి 'ఏం చేస్తున్నావక్కా' అంటే సిగ్గుపడేదాన్ని, నవ్వేసేదాన్ని, అయిపోయేది. రాలేదు. పోనీలే. ఇవాళ అంతమందిలో ఆవిడ అడిగితే నన్ను లేదన్నాడు చూడు." ఆమె కంచం తీసుకుని లేచింది. "మా వాళ్ళు దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదురా. నన్ను చూసి జాలిపడి."

మర్నాడు దుకాణంలో పూలదండ తెచ్చి మెడలో వేశారు. అతను దాన్ని వెంటనే తీసి బల్ల కింద పెట్టేశాడు. యజమాని "ఏదీ, ఒక ప్రాస వదులు" అంటే తలనొప్పి అని తప్పించుకున్నాడు. బస్‌స్టేషన్ మీదుగా పోయే దారి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళసాగాడు. సామాన్ల గది దగ్గర ఇప్పుడు కొందరు సంచి ఇచ్చి అవసరం లేకపోయినా ఆగుతున్నారని, అక్క నోటివైపు చూస్తున్నారని భార్య చెప్పింది. అది విన్న రోజు అతనికి అన్నం సయించలేదు.

క్షమించమని అడగడానికి నోరు రాక, తనకు వచ్చిన విద్యతోనే ఏదో ఒకటి చేద్దామనుకున్నాడు. పెదవికి పెదవి తగలకుండా పలికే పద్యాలు పాతకాలం కవులు రాసేవారని ఎప్పుడో విన్నాడు. అలాంటిది ఒకటి అక్క కోసం రాయాలనిపించింది. రాయబోతే తెలిసింది ఎంత కష్టమో. పువ్వు రాదు, పక్షి రాదు, వాన వచ్చినా మబ్బు రాదు. ఆకాశం అన్న మాట కూడా చివర సున్నా దగ్గర పెదవులు మూసేస్తుంది. నానా తంటాలూ పడి చెట్టు, నీడ, ఏరు, చుక్కలు, గాలి, అక్క అనే మాటలతో ఎనిమిది పంక్తులు పూర్తిచేసి, ఆదివారం ఉదయం ఆమె చేతికిచ్చాడు.

అక్క కాగితం అందుకుని పైకి చదివింది. మాట మాటకూ ఆమె గొంతు తేలికపడింది. ఒక్క అక్షరం తొణకలేదు. జబ్బు రాకముందటి గొంతు! వంటింట్లోంచి భార్య గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. ప్రాసరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్క చదవడం ఆపి కాగితాన్ని ఇంకోసారి కళ్ళతో వెతికింది. ముఖం మారింది.

"నాకు రాని అక్షరాలన్నీ ఏరేశావు కదూ?"

"నీకు సులువుగా ఉంటుందని..."

"ఇందులో అక్క ఉంది. తమ్ముడు లేడు." ఆమె కాగితం మడిచింది. "ఆ మాట నాకు రాదనేగా తీసేశావు? రోజూ ఏ మాట కోసం చచ్చీచెడీ కుస్తీ పడుతున్నాననుకున్నావురా?"

అతను రెండు చేతులతో ముఖం కప్పుకుని అక్కడే చతికిలబడ్డాడు. "నేను చేసింది తప్పేనక్కా. నిన్ను లేదన్నాను. ఇప్పుడేమో మంచి చేస్తున్నాననుకుని ఇలా చేశాను. నాకు సిగ్గుగా ఉంది."

"ఉండాలి" అంది అక్క. కాసేపటికి, "లే. రాయాలని అంత దురదగా ఉంటే ప, బ, మ తప్ప ఇంకేవీ లేనివి రాసి పట్రా. కవిత్వం అక్కర్లేదు" అంది.

ఆ సాయంత్రమే రాశాడు. పాపం బామ్మ బొమ్మ పీపా మీద పడి పప్పు పాడుచేసినట్టు ఏదో అర్థం పర్థం లేని గోల. అక్క చదవబోయి బామ్మ దగ్గరే గాలి తన్నేసింది. ముగ్గురూ విరగబడి నవ్వారు. నవ్వినప్పుడు ఆమె నోరు ఒక పక్కకే పోయింది, అయినా రుమాలు కోసం చూడలేదు. అప్పటినుంచి దుకాణానికి వెళ్ళేముందు రోజూ ఆ గోల నడిచేది. అతను ముందు అనేవాడు, ఆమె తర్వాత అనేది. తలుపు బార్లా తెరిచే ఉండేది.

కొన్ని నెలలకు గ్రంథాలయం నుంచి మనిషి దుకాణానికి వచ్చాడు. తమ సంచికలో ఆ అద్దం కవిత వేస్తామని, సంతకం పెట్టమని కాగితం తెచ్చాడు. ప్రాసరావు అతన్ని కూర్చోబెట్టి సామాన్ల గదికి నడిచి వెళ్ళాడు. అక్క ఎవరిదో బరువైన పెట్టె అటక మీదికి ఎక్కిస్తోంది. సంగతి చెప్పాడు. ఈసారి అడుగుతున్నానన్నాడు.

"వద్దు" అంది అక్క.

ఇంకేమైనా అంటుందేమోనని అతను నిలబడ్డాడు. ఆమె పెట్టెకు చీటీ కట్టడంలో పడిపోయింది. ఆమె సరేనంటుందని తాను లోలోపల ఎంత ఆశపడ్డాడో తిరిగి వస్తుంటే తెలిసింది. అంతా అయ్యాక కూడా ఆ పంక్తి నలుగురూ చదవాలనే తన మనసు కొట్టుకుంటోంది. అది తలచుకుంటే వేదిక మీద నిలబడిన నాటికన్నా ఎక్కువ సిగ్గేసింది.

వచ్చిన మనిషితో వేయొద్దని చెప్పాడు. అతను వదలకుండా, "ఎందుకండీ? ఊహే కదా, ఎవరికేం నష్టం?" అన్నాడు.

"ఊహ కాదండి. ఆవిడ మా అక్క. పంతులమ్మగారికి కూడా చెప్పండి, ఆ రోజు నేను అబద్ధం చెప్పానని."

అక్క మళ్ళీ మైకు ముందుకు వెళ్ళలేదు. పెదవి చాలావరకు కుదిరింది కానీ అలసిపోయిన వేళల్లో ఇప్పటికీ జారుతుంది. సామాన్ల గది బాధ్యత అంతా ఇప్పుడు ఆమెదే. సంచి మరిచిపోయి బస్సెక్కబోయేవాళ్ళను గది గుమ్మంలో నిలబడి గట్టిగా కేకేసి పిలుస్తుంది. ప్రాసరావు ప్రాసలు మళ్ళీ మొదలయ్యాయి. పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ రాసిస్తాడు. ఎవరైనా ఆ బహుమతి కవిత వినిపించమంటే, గుర్తులేదంటాడు. ప్రతి పంక్తీ గుర్తుంది.