స్టార్ పేషెంట్

ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్ ముందు ఆటో దిగుతుంటే నా కుడి మోకాలు ఉన్నట్టుండి మడతపడింది. కాలు జారలేదు, ఎవరూ తోయలేదు. రోడ్డు మీద కూలబడ్డాను. ఆటో అతను చెయ్యిచ్చి లేపాడు. చీర దులుపుకుని లోపలికి వెళ్లి, ఒక అత్తగారి పాత్రకు గొంతిచ్చి ఇంటికొచ్చాను. సినిమాల్లో అమ్మలకూ అత్తలకూ డబ్బింగ్ చెప్పడం ఎన్నో ఏళ్లుగా నా పని. వయసు అరవై ఆరు.

అంతకు ముందు ఏడాదే నాకు షుగర్ బయటపడింది. మా కోడలు జ్యోతి జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద క్లినిక్‌కు తీసుకెళ్లింది. మాత్రలు రాసి, డైట్ చార్ట్ ఇచ్చారు. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం సలాడ్, రాత్రి సూపు. పప్పు చెంచాల్లోకి వచ్చింది. గుడ్డు, చేప ఆ చార్టులో లేనేలేవు. నేను అక్షరం తప్పకుండా పాటించాను. బరువు గబగబా తగ్గింది. చర్చిలో ఆడవాళ్లంతా రహస్యం ఏంటని అడిగేవారు. క్లినిక్ డాక్టరు రిపోర్టు చూసి, నేను వాళ్ల స్టార్ పేషెంట్‌నని అన్నారు. నిజం చెప్పాలంటే పొంగిపోయాను.

మోకాలి సంగతి ఆయనకే చెప్పాను. ఆయన కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు.

"ఏజ్ కదా మేడమ్. రెస్ట్ తీసుకోండి. షుగర్ మాత్రం సూపర్‌గా ఉంది."

రెస్ట్ అన్న మాట జ్యోతి మనసులో పడిపోయింది. కూరల సంచి మోయనివ్వదు, మెట్లెక్కనివ్వదు, మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే. అదంతా ప్రేమే. ఆమె మీద నాకు కోపం లేదు. కానీ నెలలు గడిచేకొద్దీ కుక్కర్ దించలేకపోయాను. బాత్రూంలో కుళాయి పట్టుకోకుండా లేవలేకపోయాను. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు థియేటర్లో మైకు ముందు నిలబడి తల్లి పాత్రకు పెద్ద డైలాగ్ చెబుతున్నాను. ఒళ్లంతా చెమటలు పట్టాయి. కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. ఏదేదో మాట్లాడుతున్నానట. సౌండ్ ఇంజనీరు అద్దంలోంచి చూసి పరుగెత్తుకొచ్చేలోపే పడిపోయాను. స్పృహ ఉందని చూసుకుని, కూల్‌డ్రింక్ తాగించి, దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లారు.

హైపోగ్లైసీమియా అన్నారు. షుగర్ బాగా పడిపోయిందట. కబురందుకుని జ్యోతి వచ్చింది. కాసేపటికి ఒక లేడీ డాక్టరు వచ్చి నా బరువు, తిండి, మాత్రల గురించి ఓపిగ్గా అడిగారు. ఇంత బరువు తగ్గి, ఇంత తక్కువ తింటున్నా అవే మాత్రలు అదే డోస్‌లో వేసుకుంటున్నానని విని ఆమె ముఖం మారిపోయింది.

తేరుకున్నాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నారు. ప్రయత్నించాను. లేవలేకపోయాను. జ్యోతి చెయ్యి చాచబోతే డాక్టరు ఆపారు. మళ్లీ ప్రయత్నించాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కొవ్వుతో పాటు కండ కూడా పోయిందమ్మా. సార్కోపీనియా అంటాం. వయసు వల్ల కొంత, సరైన తిండి, కదలిక లేక చాలా. ఇన్నాళ్లలో ఎవరూ మిమ్మల్ని ఇలా లేవమనలేదా?"

ఎవరూ అనలేదు. రక్తం తీశారు, తూకం వేశారు, మెచ్చుకున్నారు.

డిశ్చార్జ్ అయ్యాక జ్యోతిని వెంటబెట్టుకుని ఆ క్లినిక్‌కు వెళ్లాను. జరిగింది చెప్పాను. నా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, నార్మల్‌గానే ఉంది కదా అని ఆయన మళ్లీ అదే పాట పాడారు.

"నార్మల్ మీ కాగితంలో ఉందండీ డాక్టరుగారూ. నేను నేల మీద పడ్డాను" అన్నాను.

ఆయన బెల్ నొక్కి తర్వాతి పేషెంట్‌ను పిలిచారు. ఒక్క సారీ లేదు.

ఆసుపత్రిలో చూసిన లేడీ డాక్టరే మాత్రలు మార్చారు. గుడ్డు, పప్పు, చేప, పెరుగు మళ్లీ నా కంచంలోకి వచ్చాయి. ఫిజియోథెరపిస్ట్ నవనీత బరువులెత్తించడం మొదలుపెట్టింది. నేను కసితో, ఆమె చెప్పినదానికంటే ఎక్కువ చేసి భుజం పట్టేయించుకున్నాను. కొన్ని వారాలు అంతా ఆగిపోయింది. ఆమె మీద కూడా అరిచాను.

"కోపంతోని కండ రాదమ్మా. తిని, జర రోజూ చేస్తే వస్తది" అంది నవనీత.

మెల్లగానే వచ్చింది. ఇప్పుడు నిలబడే డబ్బింగ్ చెబుతున్నాను. ఏడుపు డైలాగులకు ఊపిరి సరిపోతోంది. కూరల సంచి జ్యోతి చేతిలోంచి లాక్కుంటే ఆమె ఇప్పుడు ఏమీ అనడం లేదు. బరువు కాస్త పెరిగింది. షుగర్ మునుపటంత తక్కువ లేదు, నా వయసుకు అది సరిపోతుందన్నారు. కోపం మాత్రం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. నాలాంటివాళ్లు ఎందరు ఆ క్లినిక్ నుంచి మెప్పులు అందుకుని వెళ్తున్నారో!

మీ ఇంట్లో పెద్దవాళ్లు సన్నబడితే, మెచ్చుకునే ముందు డాక్టరును ఒక్కటి అడగండి: తగ్గింది కొవ్వా, కండా? జవాబు చెప్పడానికి ఆయన కంప్యూటర్ వైపు కాక మనిషి వైపు చూడాలి. చూడకపోతే లేచి వచ్చేయండి.