మీటరు చూపిన సున్నా

1986 నవంబరులో నన్ను గుంటూరు దగ్గర ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రానికి బదిలీ చేశారు. మొక్కల పెరుగుదల, పూత మీద పరిశోధన నా ఉద్యోగం. మిరప, పత్తి చూసుకోవచ్చని వెళ్లాను. చేరిన వారానికే గంజాయి పెంచమన్నారు.

దానికి కారణం గోగు. మా వైపు మిరప చేల గట్ల మీద గోగు వేస్తారు. అందులో ఒక రకం ఆకు వేళ్లలా చీలి, దూరం నుంచి చూస్తే గంజాయి ఆకులాగే ఉంటుంది. ఎక్సైజ్ శాఖలో కొత్తగా చేరినవాళ్లు గోగు పీకి రైతుల మీద కేసులు రాసేస్తున్నారు. అసలు మొక్క మొలక నుంచి పూత దాకా ఎలా ఉంటుందో వాళ్లకు చూపించాలని పైవాళ్లు తీర్మానించారు. పన్నెండు కుండీలకు అనుమతి వచ్చింది. కిటికీలు లేని గది, గట్టి తాళం. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది ఎక్సైజ్ సబ్ ఇన్‌స్పెక్టరు దగ్గర. ఆయన ప్రతి సోమవారం వచ్చి ఆకులు లెక్కపెట్టి రిజిస్టరులో రాసుకునేవాడు. పండుటాకు రాలినా కవరులో పెట్టి చూపించాలి. నాది అసలే అనుమానపు బుద్ధి. ఇద్దరికీ బాగా కుదిరింది.

దీపాలు ఎంచుకోవడానికే నెల పట్టింది. వీధుల్లో వేసే పెద్ద మెర్క్యురీ దీపం పెట్టి చూస్తే వెలుగు బాగానే ఉంది గానీ, ఆ వేడికి మొలకలు వడిలిపోయాయి. చివరికి ట్యూబులైట్లు వరసగా బిగించి, మొక్కకు కావలసిన ఎరుపు కాంతి కోసం మధ్యమధ్యలో మామూలు బల్బులు పెట్టాను. ట్యూబుల చోకులు కూడా వేడెక్కుతాయి కాబట్టి వాటిని స్విచ్చులతోపాటు బయట వరండాలో ఒక పెట్టెలో పెట్టించాను. వేడి గాలి పోవడానికి గోడ పైభాగాన పంకా కన్నం ఒకటి ఉంచాం.

వెలుగు కొలవడానికి లక్సు మీటరు ఉండేది. అరచేతిలో పట్టే బిళ్ల, దానికి తీగ, తీగ చివర ముల్లున్న డబ్బా. బిళ్లను మొక్క కొస ఎత్తున పడుకోబెట్టి, గదిలో తొమ్మిది చోట్ల కొలవాలి. ట్యూబు వెలిగించి పావుగంట ఆగితేనే అంకె నిలబడుతుంది. తెల్లచొక్కాతో దగ్గర నిలబడితే చొక్కా మీది వెలుగు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకని కొలిచే రోజున ముదురు నీలం చొక్కా వేసుకుని వెళ్లేవాణ్ణి. అంత జాగ్రత్తపరుణ్ణి నేను.

గంజాయి పూతకు రావాలంటే రోజూ పన్నెండు గంటలు ఏకధాటిగా చీకటి కావాలి. మధ్యలో వెలుగు సోకితే మొక్క ఆకులు వేస్తూ పోతుందే తప్ప పూయదు. ఫిబ్రవరి మొదటి తేదీ నుంచి పొద్దున ఆరుకి దీపాలు వేసి సాయంత్రం ఆరుకి ఆర్పే ఏర్పాటు చేశాను. నెలాఖరు వచ్చినా ఒక్క మొగ్గ లేదు. చీకటి పడ్డాక ఎవరో దీపాలు వేస్తున్నారని నాకు అనుమానం పట్టుకుంది.

రాత్రి కాపలా యోహానుది. పొదిలి దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. మా దగ్గర మస్టరు కూలీగా, అంటే హాజరుపట్టీ లెక్కన రోజుకూలికి, ఆరేళ్లుగా చేస్తున్నాడు. తెగకుండా పనిచేసినవాళ్లను ఆ మార్చిలో పర్మినెంటు చేస్తారని ఆర్డరు వచ్చింది. జాబితాలో మొదటి పేరు అతనిదే.

సబ్ ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు. “డాక్టరు గారూ, వాడు లైటేసుకుని ఆ కన్నంలోంచి దోటితో ఆకు లాగుతున్నాడండీ.” ఆకుల లెక్క సరిపోయింది కదా అన్నాను. ఇవాళ కాకపోతే రేపు లాగుతాడన్నాడు. ఆ మాట నాకు సబబుగానే తోచింది.

ఒక సాయంత్రం దీపాలు ఆర్పగానే స్విచ్చు పెట్టె మీద సంతకం పెట్టిన కాగితం అతికించాను. మర్నాడు పొద్దున దాని ఒక కొస లేచి ఉంది. యోహానును పిలిచి అడిగాను. తను ముట్టుకోలేదన్నాడు. ఆపైన, “అయ్యగారూ, కళ్లంలో కొత్తగా పెట్టిన లైటు మన గది కన్నం మీదే పడతందండి” అన్నాడు. మిరపకాయలు ఆరబోసిన కళ్లానికి దొంగల భయంతో జనవరి చివర స్తంభం పాతి దీపం పెట్టిన మాట నిజమే. కానీ నేను పట్టుకున్నది వేరే. కన్నం సంగతి నీకెందుకు, ఎందుకు తొంగిచూస్తున్నావని గద్దించాను.

అయినా పద్ధతి ప్రకారం ఆ సాయంత్రం ఏడింటికి టార్చి పట్టుకుని గదిలోకి వెళ్లి మీటరు పెట్టాను. ముల్లు కదల్లేదు. “చీకటి: సున్నా లక్సు” అని రాసి, అర నిమిషంలో బయటికొచ్చాను. మర్నాడు కాపలాదారు మీద అనుమానం ఉందని అధికారికి కాగితం పంపాను. ఆ రోజే యోహానును మస్టరు నుంచి తీసేశారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి పోయాడని తెలిసింది.

కొత్త కాపలాదారు వచ్చాడు. స్విచ్చు పెట్టె మీద కాగితం కొస మళ్లీ లేచింది. సాయంత్రం దీపాలు ఆర్పగానే చెయ్యి పెట్టి చూస్తే చోకుల వేడికి పెట్టె కాలుతోంది. జిగురు ఎండి ఊడిపోతోంది, అంతే. మొగ్గ మాత్రం రాలేదు.

ఆ సాయంత్రం టార్చి లేకుండా గదిలోకి వెళ్లి, తలుపేసుకుని స్టూలు మీద కూర్చున్నాను. మొదట ఏమీ కనబడలేదు. పావుగంటకు కుండీలు కనబడ్డాయి, తర్వాత ఆకుల అంచులు, ఆ తర్వాత నా అరచేతి గీతలు. కన్నంలోంచి కళ్లం దీపం పడుతోంది. నా మీటరులో అతి చిన్న గీత యాభై లక్సు. ఈ వెలుతురుకు దాని ముల్లు ఎలా కదులుతుంది? పూత ఆగిపోవడానికి మొక్కకు మాత్రం అది చాలు. సిగ్గుతో చచ్చిపోయాను.

కన్నానికి నల్ల రంగేసిన వంపు గొట్టం పెట్టించాను. రెండు వారాల్లో మొగ్గ వచ్చింది. తప్పు నాదేనని, యోహానును వెనక్కి తీసుకోవాలని రాశాను. తీసుకున్నారు. కానీ మధ్యలో ఇరవై మూడు రోజులు తెగింది. గడిచిన రోజులకు మస్టరు రాయడం కుదరదన్నారు. పర్మినెంటు జాబితాలో అతని పేరు లేదు.

అతన్ని పిలిచి, నా వల్లే జరిగిందని చెప్పాను. అతను, “నామీద మీరు రాసిన కాగితం తీసేశారాండీ?” అని అడిగాడు. ఫైలులో చేరిన కాగితం తీయరని, నా రెండో కాగితం కూడా దాని పక్కనే ఉంటుందని చెప్పాను. సరేనండీ అని డ్యూటీకి వెళ్లాడు. నేను అక్కడి నుంచి బదిలీ అయ్యేనాటికి కూడా మస్టరు కూలీగానే ఉన్నాడు.

ఆ తర్వాత నా ఉద్యోగంలో ముల్లు కదలని చోట “సున్నా” అని ఎన్నడూ రాయలేదు. “ఈ మీటరుకు అందలేదు” అని రాసేవాణ్ణి. మనిషి మీద అనుమానం రాయవలసి వచ్చినప్పుడు, ముందు ఆ మనిషి చెప్పిన మాటను వెళ్లి పరీక్షించి వచ్చేవాణ్ణి. దానికి పావుగంట కంటే ఎక్కువ పట్టేది కాదు.