సార్ రాయించిన తప్పు

మంగళవారం పొద్దున మా ల్యాబ్ అటెండర్ ఫోన్ చేసి, "మేడం, పెద్దసార్ పోయిండ్రు" అన్నాడు. పోలీసులు పంపే ఫోన్లు, కంప్యూటర్లు పరీక్షించే ల్యాబ్ మాది, కరీంనగర్‌లో. నాకు పని నేర్పింది ఆయనే. ఫోన్ పెట్టేశాక ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక నేను తప్పు చేస్తే ఎవరికి చెప్పాలి?

నోట్‌బుక్‌లో కొట్టివేత ఒక్క గీతతోనే ఉండాలనేవారు. కొట్టేసింది చదవడానికి రావాలి. పక్కన టైము, సంతకం. కొత్తగా చేరినవాళ్ల ముందు తన పాత నోట్‌బుక్‌లో ఒక పేజీ తెరిచి పెట్టి, చాయ్‌కి వెళ్లిపోయేవారు. పోలీసులు పంపిన రెండు ఫోన్ల సీలు కవర్లు తారుమారు చేశానని అందులో రాసి ఉంది. ఇంత చిన్నదానికి పేజీ ఎందుకని నవ్వుకున్నాను.

నేను చేరిన ఐదో నెలలో, ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లోని ఒక విత్తనాల దుకాణం నుంచి హార్డ్ డిస్క్ వచ్చింది. నకిలీ పత్తి విత్తనాలకు లేబుళ్లు తయారు చేశాడని అక్కడి కంప్యూటర్ ఆపరేటర్‌ను జైల్లో పెట్టారు. ఆ లేబుల్ ఫైలు అతను పనిలో చేరకముందుదా, చేరిన తర్వాతదా? తేల్చాల్సింది అదే. డిస్కులో ఏదీ మారకుండా కాపాడే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, దాని ద్వారానే డిస్కును కంప్యూటర్‌కు కలపాలి. నేను మరిచిపోయి నేరుగా కలిపాను. ఫైలు తెరిచాను కూడా. చివరిసారి తెరిచిన తేదీ దగ్గర ఆ రోజు తేదీ పడింది.

గదిలో ఎవరూ లేరు. మళ్లీ సరిగ్గా కలిపి, ఏమీ జరగనట్టు మొదలుపెట్టొచ్చు. చెయ్యి కేబుల్ మీదికి పోయింది. అప్పుడే సార్ లోపలికి వచ్చారు.

"ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదు సార్."

"ఏం లేకుంటే గా కేబుల్ ఎందుకు పట్టుకున్నవ్? కుర్చీ ఎనక్కి జరుపు. ఏం ముట్టకు. జర నీళ్లు తాగి చెప్పు."

చెప్పాను. తిట్టలేదు. గడియారం చూసి, "రాయి" అన్నారు.

"నా నౌకరి పోతది సార్."

"పోతే పోతది. నేను గా కవర్ల సంగతి నాలుగు రోజులు దాచిన. గా నాలుగు రోజులు ఒకాయన ఉత్తగనే జైల్ల ఉన్నడు."

ఏవి మారాయో, ఏవి మారలేదో విడివిడిగా రాయించారు. ఫైలు లోపల ఉండే తయారీ తేదీ మారలేదు. అది ఆపరేటర్ చేరడానికి ముందటి ఏడాదిది. కానీ ఒక తేదీ పాడు చేసిన నేను ఇంకో తేదీ సరిగ్గానే ఉందంటే ఎవరు నమ్ముతారు? కోర్టు పిలిచేదాకా ఆ భయంతోనే అన్నం తిన్నాను.

ఆ తయారీ తేదీ నిలిస్తే నేరం దుకాణం యజమాని మీదికి వస్తుంది. ఆదిలాబాద్ కోర్టులో అతని వకీలు, "అంటే సాక్ష్యం చెడగొట్టింది మీరే కదా?" అని అడిగాడు.

"ఒక తేదీ మార్చాను. ఎప్పుడు, ఎట్లా మారిందో నోట్‌బుక్‌లో రాశాను" అన్నాను. జడ్జిగారు ఆ పేజీని రెండుసార్లు చదివారు. ఆ కాగితం మీదే నమ్మకం పెట్టి, తర్వాత ఆపరేటర్‌ను వదిలేశారు.

ఆ రోజు నేను బయటికి వచ్చేసరికి సార్ వరండాలో గోడకు ఆనుకుని ఉన్నారు. "మంచిగ చెప్పినవ్" అని ముందు నడిచారు. చలికి అందరూ స్వెట్టర్లలో ముడుచుకుని ఉన్నారు. ఆయన చొక్కా మాత్రం చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయి ఉంది.