బల్ల వేళకి లేచి వెళ్ళే ఫిలిప్

ఫిలిప్ బాబాయి మళ్ళీ తాగుతున్నాడని మా ఊళ్ళో చెప్పుకుంటారు. మిరపకాయల తొడిమలు తీసేచోట జయకుమారి అత్త ఆ మాటే అంది. "ప్రభువు బల్ల ఇచ్చేవేళకి లేచి బయటికి పోతాడు, చూళ్ళేదా? లోపల తప్పుంటేనేగా మనిషి గిన్నె ముట్టనిది."

బాబాయి ఒకప్పుడు బాగా తాగేవాడు. మానేసి ఏడేళ్ళయింది. ఇప్పుడు ఒంగోలులో తాగుడు మాన్పించే కేంద్రంలో పని. డాక్టరు కాదు. అక్కణ్ణించి ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళతో కష్టమైన పూట గడిపించడం ఆయన పని. మా నాన్న పిచ్చయ్యకూ ఆయనే తోడు.

మా చర్చిలో నెలకి మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు పేరున రొట్టె, గిన్నెలో ద్రాక్షరసం ఇస్తారు. ద్రాక్షరసం ఇంట్లో ఊరబెట్టిందే. మూత తీస్తే సారా వాసనలాగే గుప్పుమంటుంది. ఆ వాసనకి నాన్న చేతులు వణుకుతాయి. బాబాయికి ఆ గుక్కతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. నాన్నకి మాత్రం ఒక్క గుక్క పడినా మళ్ళీ మొదటికొస్తుందని కేంద్రంలో చెప్పి పంపారు. చర్చికే వెళ్ళకుండా ఉందామంటే, నాన్న తలెత్తుకుని వెళ్ళే చోటు అదొక్కటే.

మొన్న ఆదివారం పాస్టరుగారు మూత తీస్తుండగా బాబాయి ముందు వరసలోంచి లేచాడు. అందరి కళ్ళూ ఆయన మీదే. వెనకాలే నాన్న వెళ్ళడం ఎవరూ గమనించలేదు. నేను గుమ్మం పక్కన కూర్చుంటాను కాబట్టి బయట మెట్ల మీద ఇద్దరూ కనపడ్డారు, మాటలూ వినపడ్డాయి.

"ఒరేయ్ ఫిలిప్, నాకంటే తప్పదు. నీకేమైంది? లోపలికి పో."

"నువ్వొక్కడివే కూర్చుంటే ఊరంతా నిన్నే చూస్తది అన్నా. ఇద్దరముంటే చెరి సగం."

"నువ్వు తాగుతున్నావంటున్నారురా."

"అననీ. నిజంగా తాగినప్పుడు ఇంతమంది పట్టించుకోలేదు."

నాన్న నవ్వాడు. చేతులు చంకల్లో దాచుకున్నాడు. కాసేపటికి, "ఒక్క గ్లాసు పడితే ఈ వణుకు ఆగుద్దిరా" అన్నాడు.

"ఆగుద్ది. రేపు మళ్ళీ మొదలవుద్ది. ఈ పాట అయ్యేదాకా కూర్చో, తర్వాత చూద్దాం."

పాట అయింది. "ఇంకొక్కటి" అన్నాడు బాబాయి. మూడో పాటకి నాన్న చేతులు బయటికి తీసి చప్పట్లు కలిపాడు.

మా సంఘంలో బల్ల తీసుకోనివాణ్ణి ముందుకొచ్చి బైబిలు వాక్యం చదవనివ్వరు. బాబాయి చదువుతుంటే పిల్లలు కూడా కదిలేవాళ్ళు కాదు. ఇప్పుడు వేరేవాళ్ళు చదువుతున్నారు. ఆయన భార్య రెబెకా పిన్ని తలొంచుకుని కూర్చుంటోంది. తను తోడుంటున్నవాడి సంగతి బయటపెట్టకూడదని ఆయన పాస్టరుగారికి కూడా చెప్పలేదు. ఒక మనిషి కోసం ఇంకో మనిషి ఇంత వదులుకోగలడని నాకు తెలియదు.

ఏడేళ్ళలో ఈ ఫిబ్రవరి దాకా ఫిలిప్ బాబాయి ఒక్క బల్లా తప్పలేదు. నాన్న కేంద్రం నించి మార్చిలో ఇంటికొచ్చాడు. బాబాయి గిన్నె ముట్టడం మానేసింది ఆ నెలలోనే.