చెరువు గట్టు పక్కన క్యాంపర్ వ్యాను, నాలుగు ఎర్ర గుడ్డలు

హోటల్ గదులంటే నాకు నమ్మకం లేదు. దుప్పటి ఎప్పుడు ఉతికారో, గదికి ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుందో అని రాత్రంతా దొర్లుతుంటాను. అందుకే ఈసారి మంచం, పొయ్యి ఉన్న క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకున్నాను. "నీ అనుమానానికి చక్రాలు గట్టినట్టున్నది" అంది నా భార్య సరోజ. ఆమెది నెల్లికుదురు, మాటకు మాట అంటించకుండా ఉండదు.

శనివారం పొద్దున ఏడింటికి జనగామలో బయల్దేరి, హనుమకొండలో టిఫిన్ చేసి, పరకాల మీదుగా చిట్యాల వైపు వెళ్లాం. పెద్ద బండి కదా, మూడున్నర గంటలు పట్టింది. చిట్యాల దాటి టేకుమట్ల వైపు వెళ్తే ఒక ఊళ్లో చెరువు గట్టు చివర చిన్న పార్కుంది. బండికి రెండు వందలు తీసుకుని రాత్రి ఉండనిస్తారు. నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయి, కరెంటు లేదు.

ఇలాంటి బండిని సమంగా నిలబెట్టకపోతే పొయ్యి మీద గిన్నె జారుతుంది, నిద్రలో మనిషీ జారతాడు. అందుకని మేస్త్రీలు వాడే రసమట్టంతో చూసుకుంటూ చక్రాల కింద చెక్కలు తోశాను. బయట నీడకు పరదా కట్టాలి కదా, టేపుతో కొలిచి నేలలో నాలుగు మేకులు కొట్టాను. తాళ్లు ఎవరి కాళ్లకూ తగలకుండా ఎర్ర గుడ్డలు కట్టాను. అప్పుడే గట్టు మీద ఒక మోటార్‌సైకిల్ ఆగింది. మోకాళ్ల దాకా బురదతో ఒకాయన దిగి, ఫోను తీసి మా బండి నంబరు ఫొటో తీశాడు.

"ఏం కొలుస్తున్నరు సార్?"

"ఎందుకు?"

"ఊకెనే. ఎక్కడికెల్లి వచ్చిన్రు?"

రాత్రి దోచుకోవడానికే ఆరా తీస్తున్నాడు, సందేహం లేదు! బెదరగొడదామని గొంతు పెంచాను. "ఆఫీసు పని. రేపు ఇంకా మనుషులొస్తరు." అతని ముఖం పాలిపోయింది. మందు బాగా పనిచేసిందని మురిసిపోయాను.

కానీ అతను మధ్యాహ్నమంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. నేను తలుపులు బిగించి, చెమటలు కక్కుతూ, చూద్దామని వచ్చిన చెరువును కర్టెన్ సందులోంచి చూశాను. "దొంగయితే గిట్ల మొఖం చూపెడ్తడా?" అని సరోజ విసుక్కుంది. "నీకేం తెల్వదు, ఊకో" అన్నాను.

పొద్దు వాలుతుండగా అతని వెంట ఆడా మగా ఐదారుగురు వచ్చారు. అతని పేరు రాజయ్యట.

"సార్, ఎన్ని ఎకరాలు పోతయ్?"

"ఏం ఎకరాలు?"

"కట్ట కింద నాకున్నది ఎకరంన్నర. మొన్ననే నాటేసినం. గా పొలం గూడ బొగ్గు గనికి పోతదా? పక్క ఊర్ల గూడ ముందుగాల గిట్లనే కొలిచి, ఎర్ర గుడ్డలు గట్టిన్రు."

సిగ్గుతో నా ప్రాణం చచ్చిపోయింది. సరోజ గబగబా తలుపు తెరిచి మంచం, పొయ్యి మీద పప్పు చూపించింది. "సంసారమే ఎంబడి తెచ్చుకున్నరు!" అని ఆడవాళ్లు పకపకా నవ్వారు. రాజయ్య నవ్వలేదు.

"అన్నా, ఆఫీసు పని అన్నది అబద్ధం. నువ్వు దొంగవేమోనని భయపడి అన్న" అన్నాను.

"ఏది అబద్ధం సార్? పొద్దుగాల అన్నదా, గిప్పుడు అంటున్నదా?"

అతని ముందే మేకులన్నీ పీకేశాను. మర్నాడు ఏడింటికి బయల్దేరితే, పెద్ద రోడ్డు ఎక్కేదాకా అతని మోటార్‌సైకిల్ మా వెనకే వచ్చింది. చెయ్యి ఊపాను. అతను ఊపలేదు.

చెరువు చాలా బాగుంది, తప్పకుండా వెళ్లండి. తెల్లారి నీళ్ల మీద కొంగలు దిగుతుంటే కన్ను తిప్పుకోలేం. కానీ నా బండి భద్రంగా ఉండాలని నేనన్న ఒక్క మాటకు, కట్ట కింద ఒక ఇంట్లో ఆ రాత్రి అన్నం సహించి ఉండదు. నేను కొలతల మనిషిని కానని రాజయ్య చివరికి నమ్మాడో లేదో కూడా నాకు తెలియదు. ఒక్క సలహా: బండి ఆపగానే టేపు తీయకండి. ముందు పొలంలోకి దిగి, మీరెవరో, ఎందుకొచ్చారో చెప్పండి. అడిగాక చెప్పే నిజాన్ని అక్కడెవరూ నమ్మరు.